తొలి వేయి మైళ్ళ ఆచారము

అమెరికా దేశమున కొత్తగా పికప్ ట్రక్కు కొన్నవాడు బండితోపాటు చేతికిచ్చిన పుస్తకమును ఓపికతో చదివినచో అందు రెండు హితవులు కనబడును. ఫోర్డు ఎఫ్-150 బండికి చెందిన పుస్తకమునే తీసికొన్నచో, మొదటి 1,000 మైళ్ళు, అనగా 1,600 కిలోమీటర్లు, అతివేగమున నడపరాదనియు, బ్రేకు గట్టిగా తొక్కరాదనియు, వెనుక ట్రైలరు కట్టి లాగింపరాదనియు ఒకచోట చెప్పబడియుండును. ఆటోమేటిక్ గేరుబాక్సు మొదట కొంత బిరుసుగానో మెత్తగానో గేరు మార్చుట సహజమనియు, నడచినకొలది అది తన్ను తాను సరిదిద్దుకొనుననియు మరియొకచోట చెప్పబడియుండును. మొదటి హితవు మోటారు బండితోపాటు పుట్టి నూరేండ్లు దాటినది. రెండవది 1980ల చివర పుట్టినది. ఒకటి యజమానిని ఓర్చుకొమ్మని కోరుచున్నది; మరియొకటి యంత్రమే నేర్చుకొనునని మాట యిచ్చుచున్నది. పైకి ఇవి వేరువేరు కాలములకు చెందిన వేరువేరు ఆచారములుగా తోచినను, వీని పుట్టుపూర్వోత్తరములను పరిశీలించినవారికి ఇవి రెండును ఒక్క పనియొక్క రెండు దశలని తెలియును. ఒండొంటితో రాచుకొని తిరుగవలసిన భాగములను ఒండొంటికి ఇముడ్చుటయే ఆ పని. అది ఎన్నడును ఆగిపోలేదు. దానిని చేయు చేతులు మాత్రము మారుచు వచ్చినవి.

యంత్రశాలనుండి వెలువడిన లోహఖండము కంటికి ఎంత నున్నగా కనబడినను, సూక్ష్మముగా పరీక్షించినచో దానిపై గీతలును మిట్టపల్లములును ఉండక తప్పదు. అట్టి రెండు లోహములు నూనెపొర నడుమనుంచుకొని మొదటిసారి రాచుకొన్నప్పుడు, ఆ మిట్టల శిఖరములు ఒండొంటిని తాకి, వేడెక్కి, అరిగి, క్రమముగా సమతలమగును. ఇంజనులో ఈ వ్యాపారము మిక్కిలి కీలకమైన చోటు సిలిండరు గోడకును పిస్టను రింగునకును నడుమనున్నది. చీలికగల లోహపు రింగును పిస్టనుకు తొడుగు పద్ధతిని పందొమ్మిదవ శతాబ్ది మధ్యమున ఇంగ్లండులో జాన్ రామ్స్‌బాటమ్ ఆవిరి యంత్రముల నిమిత్తము ప్రవేశపెట్టెను. నేటి మోటారు ఇంజనులోని రింగు ఆ వంశమునకు చెందినదే. ఇంధనము మండినప్పుడు పుట్టిన వాయుపీడనము రింగు వెనుకకు చొరబడి దానిని గోడకు ఒత్తిపట్టును. ఆ ఒత్తిడియందే రింగును గోడయు ఒండొంటి ఆకృతికి ఒదుగును. ఆ గోడపై కర్మాగారమువారు అడ్డదిడ్డపు సన్నని గీతలను బుద్ధిపూర్వకముగానే గీసి విడుతురు. నూనె నిలుచుటకు ఆ గీతలు అవసరము.

దీనినిబట్టి ఒక విశేషము తేటపడుచున్నది. కొత్త ఇంజనును మితిమీరి తొందరపెట్టుట యెంత హానికరమో, మితిమీరి లాలించుటయు కొంతవరకు అంతే హానికరము. భారమే లేక గంటలకొలది ఇంజనును ఊరక తిరుగనిచ్చినచో రింగును గోడకు ఒత్తు పీడనము చాలదు; గోడపై నూనె కాగి గాజువంటి పొర కట్టును; రింగు ఇక ఎన్నటికిని సరిగా కూర్చొనదు. ఆరంభమునుండి పూర్తి బలముతో నడిపించినచో అక్కడక్కడ వేడి ముదిరి లోహము గీసుకుపోవును. కోడెదూడకు కాడి అలవాటు చేయు రైతు దానిని కొట్టమున కట్టియుంచడు, తొలినాడే బరువు బండికి పూన్చడు. తేలిక నాగలికి కట్టి కొన్ని చాళ్ళు దున్నించి విప్పును. కొత్త ఇంజను విషయమున పూర్వులు ఏర్పరచిన నియమము సారాంశములో ఇంతియే.

తొలి దశకములలో ఈ నియమము నేటికంటె ఎంతో కఠినముగా ఉండుటకు కారణము బేరింగులు. 1839లో ఐజాక్ బాబిట్ అను అమెరికను కనిపెట్టిన, తగరము ప్రధానముగా రాగియు ఆంటిమొనియు కలిపిన మెత్తని మిశ్రలోహమును కరగించి, క్రాంకు తిరుగు చోట పోసి, అది గట్టిపడిన పిదప ఫిట్టరు చేతి ఉలితో గీకి సరిపుచ్చుచుండెను. క్రాంకుకు నీలిరంగు పూసి త్రిప్పుట, రంగంటిన మిట్టలను గీకుట, మరల పూసి త్రిప్పుట: ఈ విధముగా ఎంతసేపు శ్రమించినను మానవహస్తము సాధింపగల ఇముడుదలకు ఒక హద్దు కలదు. ఆ హద్దునకు ఆవలనున్న పనిని యజమాని దారిమీద పూర్తిచేయవలసియుండెను. అందుచే తొలి వేయి మైళ్ళు కొనుగోలుదారుడు, తనకు తెలిసినను తెలియకున్నను, ఫిట్టరు వృత్తిలో భాగస్వామియే.

ఆ భాగస్వామ్యము తగ్గిపోవు కాలము వచ్చుచున్నదని లోకమునకు చాటిన ఘట్టము 1908లో ఇంగ్లండులోని బ్రూక్‌లాండ్సు పందెపు బాటపై జరిగెను. రాయల్ ఆటోమొబైల్ క్లబ్బు పర్యవేక్షణమున మూడు కాడిలాక్ కార్లను పూర్తిగా విప్పి, భాగములన్నిటిని కలగలిపి, కొన్నిటిని తీసివేసి వాని స్థానమున దుకాణమునుండి తెచ్చిన భాగములుంచి, సామాన్యమైన పనిముట్లతో మరల మూడు కార్లుగా బిగించి, బాటపై 500 మైళ్ళు పరుగెత్తించిరి. ఆకురాయి పెట్టి అరగదీయకుండ, గీకి సరిపుచ్చకుండ, ఏ భాగము ఏ కారులోనైనను ఇమిడెను. ఆ కంపెనీకి డ్యూయార్ బహుమానము లభించెను. కాడిలాక్ అధిపతి హెన్రీ లేలండ్ కొలతల విషయమున చూపిన నిష్ఠకు అది ఫలము. కొలత దిమ్మెలను నిర్మించిన స్వీడను దేశీయుడు యోహాన్సన్ 1923లో ఫోర్డు కొలువులో చేరుటయు, 1930వ దశకమున ఉపరితలపు గరుకుదనమును సంఖ్యలలో తెల్పు ప్రొఫైలోమీటరును అబ్బట్ నిర్మించుటయు ఆ మార్గమున తరువాతి మజిలీలు. చేతితో తడిమి నున్ననిదనుకొన్న దానిని అంకెలతో కొలువగలిగిన నాటినుండి, దారిమీద జరుగవలసిన ఇముడుదల పనిలో పెద్ద భాగము కర్మాగారములోనికి మరలెను.

అయినను ఆచారము వెంటనే సడలలేదు. ఇంగ్లండులో, కొత్త కారు వెనుక అద్దమునకు, ఇంజను కొత్తదనియు దయచేసి దాటిపొండనియు తెలుపు చీటి అంటించుకొని మెల్లగా పోవుట రెండవ ప్రపంచయుద్ధానంతర కాలమున సర్వసామాన్యమైన దృశ్యము. తొలి కొన్ని వందల మైళ్ళలో అరిగిన లోహపు పొడి నూనెలో చేరునుగావున ఆ నూనెను త్వరగా పారబోసి కొత్త నూనె పోయుట అందరు పాటించిన నియమము. మన దేశమునను లారీ ఇంజనుకు బోరు చేయించి రింగులు మార్పించిన పిమ్మట కొన్నాళ్ళు తేలిక లోడుతో మెల్లగా నడపవలెననియు, ఇంజను ఫ్రీ అగువరకు తొందరపడరాదనియు విజయవాడ ఆటోనగరులోని మేస్త్రీలు డ్రైవర్లకు చెప్పుమాట ఈ పరంపరలోనిదే. బాగుచేసిన ఇంజనుకు అది నేటికిని నిక్కమైన హితవే. ఏలననగా అక్కడ ఇముడుదల పని ఇప్పటికిని చాలవరకు దారిమీదనే జరుగుచున్నది.

ఇది ఇంజను కథ. గేరుబాక్సు కథ వేరొక దారిన నడచి, చివరకు ఇదే కూడలికి చేరెను.

1908లో వెలువడిన ఫోర్డు మోడల్ టి బండికి నేటి మాన్యువల్ కార్లలోని గేరు కర్ర లేదు. మూడు పెడళ్ళు కలవు. ఎడమ పెడలు పూర్తిగా తొక్కిన తక్కువ గేరు, వదలిన ఎక్కువ గేరు, నడిమిది వెనుకకు నడుపుటకు, కుడిది బ్రేకు. లోపల సూర్యచక్రము, దానిచుట్టు తిరుగు గ్రహచక్రములు కలిగిన ప్లానెటరీ గేరు అమరిక ఉండెను. నూలు గుడ్డ తొడిగిన ఉక్కు పట్టీలు డ్రమ్ములను బిగించి పట్టుట చేత గేరు మారుచుండెను. కర్మాగారముననే పికప్ బాడీ కట్టి అమ్మిన మొదటి ఫోర్డు ట్రక్కు 1925లో ఈ మోడల్ టి చట్రము మీదనే 281 డాలర్ల వెలకు వచ్చెను. పొలములకు గడ్డియు పాలడబ్బాలును మోసిన ఆ చిన్న ట్రక్కు యజమానికి ఒక నిత్యకృత్యము తప్పనిసరి: పట్టీల గుడ్డ అరిగినకొలది పట్టు సడలును, అప్పుడు కాలికింది పలక లేపి, మూత తీసి, మరలు బిగించి పట్టును సరిచేసికొనవలెను. ఎంత బిగించిన చాలునో పుస్తకము చూచి తెలియునది కాదు. పెడలు తొక్కినప్పుడు కాలికి తగులు స్పర్శయే ప్రమాణము. అరుగుదలను కనిపెట్టి దానికి తగినట్లు దిద్దుకొను బుద్ధి అప్పుడు పూర్తిగా యజమాని యందుండెను.

ఆటోమేటిక్ గేరుబాక్సునకు రెండవ మూలము ఓడలలో ఉన్నది. జర్మనీలో స్టెటిన్ రేవుపట్టణపు వుల్కన్ ఓడల కర్మాగారమున పనిచేయు హెర్మన్ ఫోటింగర్, అతివేగమున తిరుగు ఆవిరి టర్బైనును మెల్లగా తిరుగవలసిన ప్రొపెల్లరునకు జతపరచుట కొరకు, నడుమ ద్రవమును ఉంచి శక్తిని ప్రసరింపజేయు పద్ధతికి 1905లో పేటెంటు పొందెను. నేటి ఆటోమేటిక్ బండిలో ఇంజనునకును గేర్లకును నడుమనున్న టార్కు కన్వర్టరు దాని సంతానమే. ఇట్లు సముద్రమునుండి వచ్చిన ద్రవమును, మోడల్ టి నాటినుండి ఉన్న గ్రహచక్రములను ఒక పెట్టెలో కలిపి, ఎడమకాలికి విశ్రాంతి కల్పించిన ఘనత జనరల్ మోటార్సు సంస్థలో ఎర్ల్ థామ్సన్ నాయకత్వమున పనిచేసిన ఇంజనీర్లకు దక్కవలెను. గేర్లు గరగరమనకుండ కలియునట్టి సింక్రోమెష్ పద్ధతిని 1928లో కాడిలాక్ కార్లలో ప్రవేశపెట్టినవాడును ఈ థామ్సనే. వారు నిర్మించిన హైడ్రామాటిక్ అను నాలుగు గేర్ల ఆటోమేటిక్ 1939లో ప్రకటితమై, 1940 నమూనా ఓల్డ్స్‌మొబిల్ కార్లలో 57 డాలర్ల అదనపు వెలకు లభించెను. యుద్ధకాలమున ఎం5, ఎం24 అను తేలిక ట్యాంకులలో అది పనిచేసెను. యుద్ధరంగపు దుమ్ములోను బురదలోను నలిగి నిలిచిన యంత్రమని చెప్పుకొనుటకు తరువాత అమ్మకందారులకు మంచి ఆధారము దొరికెను.

హైడ్రామాటిక్ ఎట్లు ఆలోచించెడిదో తెలిసికొనుట మనకు ముఖ్యము. బండి వేగముతోపాటు పెరుగు నూనె పీడనము ఒకటి, యాక్సిలరేటరు తొక్కుడుతోపాటు పెరుగు పీడనము మరియొకటి. ఈ రెండును ఒక వాల్వునకు ఇరువైపుల నిలిచి పెనుగులాడును. వేగపు పీడనము గెలిచిన పై గేరు పడును. తొక్కుడు పీడనము గెలిచిన కింది గేరు నిలుచును. ఇది మిక్కిలి చతురమైన ఏర్పాటు. కాని దానికి జ్ఞాపకశక్తి లేదు. నేడు మార్చిన గేరు కుదుపుతో పడినను, రేపు అదే కుదుపుతో మరల మార్చును. పట్టీ అరిగినదని దానికి తెలియదు. అందుచే నియతకాలమున మెకానిక్కు ఆ పట్టీలను బిగింపవలసి వచ్చుచుండెను. 1953లో ఫోర్డు ఎఫ్-100 పికప్పులలోను, 1954లో షెవర్లే పికప్పులలోను ఆటోమేటిక్ లభ్యమైనది మొదలుకొని ట్రక్కుల లోకమునను ఇదే పద్ధతి స్థిరపడెను. మోడల్ టి యజమాని చేతిలోనున్న మర ఇప్పుడు మెకానిక్కు చేతికి పోయెను. అంతియేకాని మర బిగించు అవసరము పోలేదు.

ఈ యంత్రములలో నూనె చేయు పని సామాన్యమైనది కాదు. అదే శక్తిని మోయును, అదే చల్లబరచును, అదే వాల్వులను కదలించును, క్లచ్చి పలకలు ఎంత మెత్తగా పట్టుకొనవలెనో నిర్ణయించునదియు అదే. ఈ మెత్తదనము కొరకు చాలకాలము స్పెర్మ్ జాతి తిమింగిలపు నూనెను అందు కలుపుచుండిరి. 1970లో అమెరికా ప్రభుత్వము ఆ తిమింగిలములను అంతరించుచున్న జంతువుల పట్టికలో చేర్చిన తరువాత రసాయనజ్ఞులు దానికి ప్రత్యామ్నాయములను వెదకి సాధించిరి. ఒక యంత్రపు మెత్తని నడక కొరకు ఒక మహాప్రాణి ప్రాణము ఒడ్డబడిన సంగతి ఈ చరిత్రలో మరువరానిది.

1980ల చివర మర మరల చేతులు మారెను. 1989 నమూనా సంవత్సరమున ఫోర్డు ట్రక్కులలోనికి ఇ4ఓడి అను ఎలక్ట్రానిక్ నియంత్రణగల గేరుబాక్సు వచ్చెను. అదే సంవత్సరమున క్రైస్లరు సంస్థ తన కార్లలోను వ్యానులలోను ఎ604 అను గేరుబాక్సును ప్రవేశపెట్టెను. బిగింపవలసిన పట్టీలు ఇందు బొత్తిగా లేవు, అన్నియు క్లచ్చిలే. లోనికి వచ్చు షాఫ్టు వేగమును, వెలికి పోవు షాఫ్టు వేగమును రెండు సెన్సారులు ఎడతెగక కొలుచును. క్లచ్చి పలకల నడుమనున్న ఖాళీని నింపి వానిని ఒత్తుటకు ఎంత నూనె పట్టినదో కంప్యూటరు లెక్కగట్టి, ఆ అంకెను జ్ఞాపకముంచుకొనును. పలకలు అరిగినకొలది ఖాళీ పెరుగును, అంకెయు పెరుగును. వదలవలసిన క్లచ్చి ఆలస్యముగా వదలిన రెండు క్లచ్చిలు ఒకేసారి పట్టుకొని బండి కుదుపునకు లోనగును. పట్టవలసినది ఆలస్యముగా పట్టిన ఇంజను ఒక్కసారి పైకెగసి అరచును. ఈ రెండు దోషములలో ఏది జరిగినను కంప్యూటరు గుర్తించి మరుసటి మార్పులో పీడనమునో సమయమునో రవంత సవరించును. అడాప్టివ్ అను విశేషణము ఈ గుణమునకు చెందినది.

నూతనత్వమునకు మూల్యము చెల్లింపక తప్పలేదు. ఎ604 తొలి సంవత్సరములలో పెక్కు వైఫల్యములకు గురియయ్యెను. దానికి ప్రత్యేకించిన నూనెకు బదులు వాడుకలోనున్న డెక్స్‌రాన్ నూనెను పోయుట అందుకొక కారణమని తేలెను. కంప్యూటరు ఎంత నేర్చినను, రాపిడి గుణము వేరైన నూనె నడుమ అది సరియైన పట్టును సాధింపజాలదు. గేరుబాక్సునకు నిర్ణయించిన నూనెనే పోయవలెనన్న నియమము ఈ అనుభవముతో మరింత దృఢపడెను. 2017 ఎఫ్-150లో ప్రవేశించిన పది గేర్ల ఆటోమేటిక్‌ను ఫోర్డు, జనరల్ మోటార్సు సంస్థలు కలిసి రూపొందించినవి. పది గేర్ల నడుమ ఎడతెగక జరుగు మార్పులను మెత్తగా నడుపు భారమంతయు ఈ నేర్చుకొను పద్ధతి మీదనే నిలిచియున్నది.

ఇక్కడ జనసామాన్యములో ప్రబలిన ఒక భ్రమను తొలగింపవలెను. కొత్త ట్రక్కు యజమాని స్వభావమును నేర్చుకొనుననియు, తొలినాళ్ళలో దూకుడుగా నడిపిన అది జీవితాంతము దూకుడుగా మారుననియు చాలమంది నమ్ముదురు. నడుపువాని తీరునుబట్టి గేరు మార్చు సమయమును అప్పటికప్పుడు జరుపు పద్ధతులు కొన్ని బండ్లలో లేకపోలేదు. కాని తొలి వేయి మైళ్ళలో ప్రధానముగా జరుగునది అది కాదు. కంప్యూటరు అప్పుడు తెలిసికొనుచున్నది యజమానిని కాదు, తన సొంత క్లచ్చిలను. కర్మాగారమున ఒకే అచ్చున పోసిన వాల్వులలోను స్ప్రింగులలోను సూక్ష్మభేదములుండును. కాగితపు నారతో చేసిన క్లచ్చి పలకలు తొలి కొన్ని వందల మార్పులలో పై నూగు అణగి, తమ స్థిరమైన రాపిడి గుణమునకు వచ్చును. ఆ భేదములకును ఆ మార్పునకును తగినట్లు అంకెలు దిద్దుకొనుటయే దాని విద్య. ఒకనాడు మోడల్ టి యజమాని కాలి స్పర్శతో కనిపెట్టినదానిని నేడు సెన్సారు కనిపెట్టుచున్నది. నాడు అతడు బిగించిన మరను నేడు కంప్యూటరు అంకెగా దిద్దుచున్నది.

ఆ విద్యకు గురువు అక్కరలేకున్నను అవకాశము అక్కర. నూనె తగిన వేడికి వచ్చిన పిదపనే కంప్యూటరు పాఠము మొదలుపెట్టును; యాక్సిలరేటరు నిలుకడగా ఉన్నప్పుడే జరిగిన మార్పును నమ్మదగిన సాక్ష్యముగా గ్రహించును. రోజూ రెండు మైళ్ళు పోయి చల్లబడు బండి చాలకాలము నేర్వకుండ మిగులును. మొదటి వారమున గేరు కుదిపినదని డీలరు వద్దకు పరుగెత్తి, నేర్చిన అంకెలన్నిటిని తుడిపించువాడు దానిని మరల ఓనమాలకు దింపుచున్నాడు. పాత బండ్లలో బ్యాటరీ తీగ ఊడదీసినను ఇదే జరుగుచుండెను. క్లచ్చిలనో వాల్వు పెట్టెనో మార్చినప్పుడు మాత్రము పాత అంకెలను తుడుచుట న్యాయము. ఏలననగా అవి ఇప్పుడు లేని భాగములకు చెందినవి.

మరి ఓర్చుకొమ్మని చెప్పు తొలి హితవు నేడేల మిగిలియున్నది? కర్మాగారము చేయలేని పని ఇంకను కొంత కలదు గనుక. వెనుక ఇరుసులోని హైపాయిడ్ గేర్ల పళ్ళు ఒండొంటిపై జారుచు తిరుగునవి. వాని ఉపరితలములు ఇముడక మునుపే బరువైన ట్రైలరు కట్టినచో నూనె మిక్కిలి వేడెక్కును. బ్రేకు లైనింగులు డిస్కులతో పూర్తిగా కలియుటకు కొంత దూరము పట్టును. షెవర్లే సిల్వరాడో పుస్తకము తొలి 200 మైళ్ళు గట్టి బ్రేకు వలదనుటకు ఇది కారణము. అదే పుస్తకము మొదటి 500 మైళ్ళు ఒకే వేగమున నడపవలదని చెప్పుటకు కారణము రింగులు: వేగమును భారమును మారినప్పుడే అవి గోడను అన్ని స్థితులలోను తాకి ఒదుగును. పైగా వేగము మారినప్పుడే గేర్లు మారును, గేర్లు మారినప్పుడే కంప్యూటరు నేర్చును. పాత ఆచారమును కొత్త విద్యయు ఈ ఒక్క నియమమున కలిసిపోవుచున్నవి.

ఈ కథ ఇప్పుడు మన నేలకు దూరమైనది కాదు. ఆంధ్రప్రదేశములోని శ్రీసిటీలో ఇసుజు సంస్థ 2016లో ఉత్పత్తి ప్రారంభించిన డి-మాక్స్ వి-క్రాస్ పికప్ 2019లో ఆరు గేర్ల ఆటోమేటిక్‌తో లభ్యమయ్యెను. స్టెటిన్ ఓడలరేవున మొదలైన ద్రవయంత్రపు వంశము తడ సమీపపు కర్మాగారమునుండి వెలువడు బండిలో మన రోడ్లమీద నడచుచున్నది.

కావున కొత్తగా అట్టి బండి కొన్న చదువరికి నా మనవి యిది. కారణము తెలియక పాటించిన ఆచారము భయమగును. కారణము తెలియక విడిచిన ఆచారము నష్టమగును. వేగము నలభై దాటరాదన్న తాతలనాటి భయమును విడువుడు. బండి తనంతట తానే అన్నియు చూచుకొనునన్న నేటి ధీమాను సైతము విడువుడు. పుస్తకములో నిర్ణయించిన దూరమువరకు బరువు లాగింపకుడు; వేగమును మార్చుచు నడుపుడు; ఇంజనును ఊరక తిరుగనీయకుడు; నిర్ణయించిన నూనెనే పోయింపుడు; చిన్న కుదుపునకు బెదరి నేర్చినదానిని తుడిపింపకుడు. ఆ వేయి మైళ్ళ పిమ్మటను కుదుపు తగ్గకున్న, అప్పుడు మెకానిక్కునకు చూపుడు. అది కొత్తదనమువలన కలిగినది కాక, మరమ్మతు కోరు దోషము కావచ్చును.